ఊచల మధ్య నాలుగంగుళాలు

కొత్త ఇంటికి రంగులు వేయడం మొదలయ్యాక గానీ చాలామందికి మెట్ల రెయిలింగు గుర్తుకురాదు. అప్పటికి చేతిలో డబ్బు తగ్గిపోయి ఉంటుంది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంటుంది. వెల్డింగ్‌ షాపులో ఆల్బమ్‌ తిరగేసి 'ఇదిగో, ఇలాంటిది చేసిపెట్టు' అనడం, మేస్త్రి టేపుతో వచ్చి కొలతలు తీసుకెళ్లడం... అంతే. ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా ఇదే వరస!

చూసేవాళ్లకు రెయిలింగు అందం. కానీ రోజూ దాన్ని పట్టుకునేది మోకాళ్లనొప్పులున్న అవ్వ, అప్పుడప్పుడే నడక నేర్చిన మనవడు. కాబట్టి వెల్డింగుకు ముందు ఒక డ్రాయింగ్‌ గీయించుకోవడం మంచిది. ఇంటి ప్లాన్లు గీసేవాళ్లు వాడే ఆటోక్యాడ్‌ ఇందుకు చక్కగా పనికొస్తుంది. 1982లో అమెరికాకు చెందిన ఆటోడెస్క్‌ సంస్థ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను సివిల్‌ చదివిన పిల్లల్లో చాలామంది ఎరుగుదురు.

డ్రాయింగ్‌ వల్ల ఏమిటి లాభం? ఒక చిన్న లెక్క చూద్దాం. కింది గచ్చు నుంచి పై గచ్చుకు 3,150 మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. 18 మెట్లయితే ఒక్కో మెట్టు ఎత్తు 175 మిల్లీమీటర్లు. అడుగు వేసే వెడల్పు 250. మధ్యలో ల్యాండింగ్‌ పెడితే ఒక వరసకు తొమ్మిది ఎత్తులు వస్తాయి. మొదటి మెట్టు అంచు నుంచి ల్యాండింగ్‌ అంచు వరకూ నేలమీద కొలిస్తే రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. కానీ పైపు వెళ్లేది ఏటవాలుగా! ఆ పొడవు 2,441 మిల్లీమీటర్లు, దాదాపు ఎనిమిది అడుగులు. రన్నింగ్‌ ఫీటు లెక్కన డబ్బు కట్టేవాళ్లకు ఈ అడుగున్నర తేడా ముందే తెలియాలి. పైపు వంచాల్సిన కోణం 35 డిగ్రీలని కూడా డ్రాయింగే చెబుతుంది. చూపు మేరకు వంచి, కుదరక మళ్లీ కోసి అతికే బాధ తప్పుతుంది.

అసలు సంగతి ఊచల దగ్గరుంది. రెండు ఊచల మధ్య పసిపిల్లల తల దూరకూడదు. అమెరికాలో ఇళ్లకు వర్తించే నిబంధనల ప్రకారం బాల్కనీ రెయిలింగు సందుల్లోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదు. మెట్ల పక్కన ఆ కొలత కాస్త ఎక్కువ. పై లెక్కలో 25 మిల్లీమీటర్ల మందం ఊచలు మెట్టుకు రెండు చొప్పున పెడితే మధ్య సందు సరిగ్గా 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలకు లోపే. మెట్టుకు ఒక్కటే పెడితే? సందు 225కు పెరుగుతుంది. ఊచలు మిగిలాయని సంతోషించేలోపే పిల్లాడు దూరిపోతాడు! ఆటోక్యాడ్‌లో 'డివైడ్‌' అనే ఆదేశం గీతను సమాన భాగాలు చేస్తుంది కాబట్టి చివర్లో ఒక సందు పెద్దది, ఒకటి చిన్నది కావడం ఉండదు.

ఈమధ్య అడ్డపైపుల రెయిలింగులు ఎక్కువయ్యాయి. చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి గానీ పిల్లలకు అవి నిచ్చెనలే. చిన్నపిల్లలున్న ఇంట్లో నిలువు ఊచలే మేలు.

కడప జిల్లాలో మరో జాగ్రత్త ఉంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాయి కడప బండగా దూరప్రాంతాలకూ తెలుసు. ఇళ్లలో మెట్లమీద పరిచేదీ అదే. రాయి, దాని కింది మాలు కలిపి రెండంగుళాలు వస్తాయనుకుంటే, కాంక్రీటు మీద నుంచి కొలిచిన రెయిలింగు బండలు పరిచాక రెండంగుళాలు పొట్టిదైపోతుంది. చేతిపట్టు మెట్టు మీద నుంచి ఒక మీటరు ఎత్తున ఉండాలని నేషనల్‌ బిల్డింగ్‌ కోడ్‌ చెబుతోంది. కాబట్టి బండ మందం డ్రాయింగులో చేరాలి. ఇది పొరలు పొరలుగా ఉండే రాయి. అంచుకు మరీ దగ్గరగా డ్రిల్లు వేస్తే పెచ్చు లేవచ్చు. స్తంభాలు ఎక్కడ నిలబడతాయో ముందే గుర్తుపెడితే ఆ ఇబ్బంది ఉండదు.

స్టీలు ఎంచుకునేటప్పుడు రకం అడగాలి. 304 రకంలో నికెల్‌ ఎక్కువ, అందుకే ధరా ఎక్కువ. 202లో నికెల్‌ తగ్గించి మాంగనీసు కలుపుతారు. ధర తక్కువే గానీ వానకు తడిసే బయటి మెట్లకు త్వరగా తుప్పు మరకలు పడతాయి. అయస్కాంతం పెట్టి ఈ రెండింటికీ తేడా చెప్పలేం. బిల్లుమీద రకం రాయించుకోవడమే దారి.

ఇంటి యజమాని కువైట్‌లో ఉంటే డ్రాయింగ్‌ ఇంకా అవసరం. స్కెచప్‌ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మెట్లను త్రీడీ బొమ్మగా చేసి ఫోన్‌కు పంపితే, రెయిలింగు ఎలా ఉంటుందో అక్కడి నుంచే చూసుకుని మార్పులు చెప్పొచ్చు. తెరమీద ఊచ జరపడానికి ఖర్చుండదు. వెల్డింగ్‌ అయ్యాక జరపాలంటే ఇనుమూ పోతుంది, కూలీ పోతుంది.

అడ్వాన్సు ఇచ్చేముందు కాగితం మీద మూడు అంకెలు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు: బండ మీద నుంచి చేతిపట్టు ఎత్తు, ఊచల మధ్య సందు, ఏటవాలు పొడవు. డిజైను నెమలిదైనా, తీగలదైనా ఆ తర్వాతే!