పట్టికలో గెలిచిన కార్డు

సింగపూర్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకున్న తెలుగువాడు ముందు ఎలక్ట్రానిక్స్ బజారైన సిమ్ లిమ్ స్క్వేర్‌కు వెళ్లడు, ఎక్సెల్ తెరుస్తాడు. మనలో సాఫ్ట్‌వేర్ జనం ఎక్కువ కదా, అలవాటు ఊరుకోదు. ఒక వరసలో కోర్లు, పక్కన టెరాఫ్లాప్స్, ఆ పక్కన సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు), చివర డాలర్లలో ధర. ఒకదాన్ని ఒకదానితో భాగించి, వచ్చిన అంకె చూసి తీర్పు చెప్పేస్తాడు. వాట్సాప్ గ్రూపులో పెడితే పదిమందీ బొటనవేలు ఎత్తుతారు. 'అంకెలు అబద్ధం చెప్పవు' అన్నది వీళ్ల నమ్మకం. నా మాట వేరు: గ్రాఫిక్స్ కార్డుల విషయంలో అంకెలు అబద్ధం చెప్పినంత చక్కగా మనుషులు కూడా చెప్పలేరు. జాతకాలు కలిశాయి కదా అని పిల్లను చూడకుండానే ముహూర్తం పెట్టుకునే పద్ధతి ఇది.

ముందు కోర్లు, టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల దశాంశాల లెక్కలు చేయగలదో చెప్పే అంకె) సంగతి చూద్దాం. 2018లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 2080 టీఐలో 4352 కోర్లు, సుమారు 13.4 టెరాఫ్లాప్స్. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3070లో 5888 కోర్లు, సుమారు 20.3 టెరాఫ్లాప్స్. పట్టిక ప్రకారం కొత్తది సగానికి సగం ఎక్కువ వేగంగా నడవాలి. ఆటల్లో చూస్తే రెండూ దాదాపు సమఉజ్జీలు. ఎందుకంటే కొత్త తరంలో ఎన్విడియా లెక్కకట్టిన కోర్లలో సగం పూర్ణాంకాల పని కూడా చేయాలి. ఆ పనిలో ఉన్నంతసేపు దశాంశాల లెక్కకు అవి దొరకవు. కాగితం మీద మాత్రం అన్నీ ఎప్పుడూ ఖాళీగా, సిద్ధంగా ఉన్నట్టే కూడేస్తారు.

తిరగేసి చూసినా ఇదే గందరగోళం. ఆర్‌టీఎక్స్ 3060లో 3584 కోర్లు, 12 జీబీ మెమరీ, సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్. దాని తర్వాత వచ్చిన 4060లో 3072 కోర్లు, 8 జీబీ, 272 జీబీ. ఈ మూడు వరసల్లోనూ ఓడిపోయిన 4060 చాలా ఆటల్లో గెలుస్తుంది. దాని క్లాక్ వేగం ఎక్కువ, చిప్‌లోని క్యాష్ మెమరీ చాలా పెద్దది. అలాగని అదే మేలని తేల్చేయకండి. ఆట 8 జీబీ దాటి అడిగిన క్షణం కథ అడ్డం తిరుగుతుంది. మిగతా సరుకంతా మదర్‌బోర్డు మీది పీసీఐ దారి గుండా రావాలి. 4060కి ఉన్నది ఎనిమిది లేన్లే. పాత పీసీఐ 3.0 బోర్డు మీదైతే ఆ దారిలో సెకనుకు వచ్చేది 8 జీబీ లోపే. 272 ఎక్కడ, 8 ఎక్కడ? అప్పుడు 12 జీబీల పాత కార్డే సాఫీగా నడుస్తుంది.

'స్పెక్‌లు వద్దు, సగటు ఎఫ్‌పీఎస్ చూస్తాం' అంటారు కొంచెం తెలిసినవాళ్లు. సరే, లెక్క వేద్దాం. ఒక సెకనులో 99 ఫ్రేములు ఒక్కోటి 5 మిల్లీసెకన్లలో వచ్చాయి. నూరవ ఫ్రేము 505 మిల్లీసెకన్లు తీసుకుంది. సగటు: నూరు ఎఫ్‌పీఎస్, భేష్! ఆడుతున్న పిల్లాడికి కనిపించింది మాత్రం అర సెకను పాటు బిగుసుకుపోయిన తెర. ఆ అర సెకనులోనే వాడు ఆటలో చచ్చిపోయాడు. అందుకే మంచి సమీక్షకులు '1 శాతం లో' (1% low) అని అట్టడుగు ఫ్రేముల లెక్క విడిగా ఇస్తారు. మన ఎక్సెల్‌లో ఆ వరసకు చోటుండదు.

పైగా బెంచ్‌మార్క్‌ను గెలిపించడానికే వండిన అంకెలు ఈ రంగంలో కొత్త కాదు. 2003 మేలో 3డీమార్క్03 అనే పరీక్షను తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ సంస్థ ఎన్విడియా డ్రైవర్ గుట్టు బయటపెట్టింది. ఆ పరీక్షలో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో తిరుగుతుంది. ఆ దారిలోంచి కనిపించని భాగాలను గీయకుండా డ్రైవర్ ఎగ్గొట్టేది. కెమెరాను కాస్త పక్కకు జరిపితే చాలు, బొమ్మ విరిగిపోయేది. పోటీ సంస్థ ఏటీఐ డ్రైవర్ కూడా చిన్న ఎత్తున ఆ పరీక్షను గుర్తుపట్టి నడిచేదే. వారాలు తిరక్కుండానే ఫ్యూచర్‌మార్క్ మెత్తబడి, ఎన్విడియా చేసింది మోసం కాదని, ఆ ప్రోగ్రాముకు ప్రత్యేకంగా చేసిన సర్దుబాటని ప్రకటించింది. పరీక్ష పెట్టినవాళ్లకే అంత మొహమాటం ఉన్నప్పుడు ఆ మార్కులను మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి?

ఇప్పటి తీరు ఇంకా దర్జాగా ఉంది. 2025 జనవరిలో 549 అమెరికన్ డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070కి 4090 పనితనం ఉంటుందని ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ వేదిక మీద చెప్పారు. కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేముకు ఏఐ మూడు దాకా కల్పించి చేర్చే పద్ధతిని కలుపుకుంటేనే ఆ మాట నిలబడుతుంది. కల్పిత ఫ్రేములతో చూపు సాఫీగా ఉంటుందన్నది నిజమే. కానీ మీరు మౌస్ నొక్కితే వాటికి తెలియదు.

ల్యాప్‌టాప్‌ల గురించి వేరే చెప్పాలా? బల్లమీది 4090లో 16384 కోర్లు, 24 జీబీ. అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లో 9728 కోర్లు, 16 జీబీ. ల్యాప్‌టాప్ 4060ని కంపెనీని బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా నడుపుతారు. అరచేయి ఆనించే చోట అంటించిన స్టిక్కర్ మీద పేరుంటుంది, వాట్లుండవు.

ఇక ఏ పట్టికా పట్టించుకోనిది సింగపూర్ ఎండ. విదేశీ సమీక్షకుడు చల్లని గదిలో పరీక్షిస్తాడు. ఇక్కడ ఏడాది పొడుగునా పగటి ఉష్ణోగ్రత 31, 32 డిగ్రీలు. గది వేడి పెరిగేకొద్దీ కార్డు వేడీ పెరుగుతుంది, ఫ్యాన్లు మోత మోగిస్తాయి, క్లాక్ మెట్లు మెట్లుగా దిగుతుంది. 450 వాట్ల 4090 పూర్తి బరువు మీద నడుస్తుంటే హెచ్‌డీబీ ఫ్లాట్‌లోని చిన్న పడకగదిలో హీటరు పెట్టుకున్నట్టే. రోజుకు నాలుగు గంటలు ఆడితే 1.8 యూనిట్లు. యూనిట్ సుమారు 30 సెంట్ల చొప్పున ఏడాదికి దాదాపు 200 డాలర్లు. ఆ వేడిని బయటికి నెట్టే ఏసీ ఖర్చు దీనికి అదనం. 3060, 4060ల మధ్య తేడా మాత్రం ఏడాదికి పాతిక డాలర్లలోపే, దానికోసం కొట్టుకోనక్కర్లేదు.

'అయితే దుకాణదారు చెప్పింది నమ్మమంటారా?' అని అడుగుతారు. అక్కర్లేదు. అంకెలే చూడండి, కానీ మీ ఇంటివి చూడండి. సమీక్షల్లో కార్డు వెనక ఉండేది అత్యంత ఖరీదైన ప్రాసెసర్. ఇంటెల్ ఆర్క్ బీ580 అలాంటి యంత్రాల్లో మెరిసి, పాత ప్రాసెసర్ల పక్కన చతికిలపడిన సంగతి అది మార్కెట్లోకి వచ్చిన కొన్ని వారాలకే బయటపడింది. కాబట్టి సిమ్ లిమ్‌కు బయల్దేరేముందు మీ మానిటర్ రిజల్యూషన్, మీ ప్రాసెసర్ పేరు, మీ పిల్లలు ఆడే ఆటల పేర్లు ఒక చీటీ మీద రాసుకోండి. ఆ ఆటలను ఆ రిజల్యూషన్‌లో, వీలైతే అలాంటి ప్రాసెసర్‌తోనే పరీక్షించి, అట్టడుగు ఫ్రేముల లెక్క కూడా చెప్పిన సమీక్ష ఒక్కటి దొరికినా చాలు. అప్పటిదాకా డబ్బు జేబులోనే ఉంచుకోండి.