కొలువు దొరికితే చాలా?

తమిళనాట తెలుగువారి ఊళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాజపాళయం పేరు తప్పక వినవస్తుంది. పడమటి కనుమల పాదాన, విరుదునగర్ జిల్లాలో ఉన్న ఆ పట్టణానికి విజయనగర కాలంలో తరలివెళ్లిన రాజుల కుటుంబాలు నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నాయి. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. 1936లో రాజపాళయం మిల్లును నెలకొల్పి, నూలు నుంచి సిమెంటు దాకా పరిశ్రమలకు పునాదులు వేసిన పి.ఎ.సి. రామస్వామి రాజా కూడా ఆ ఊరి బిడ్డే. ఆయన వారసుల పరిశ్రమల నుంచే 1990వ దశకంలో రామ్‌కో సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ రూపుదిద్దుకుంది. 2013లో అదే పట్టణంలో ఇంజనీరింగు కళాశాల వెలిసింది. కదురు దగ్గర బయలుదేరిన ఊరు కంప్యూటరు దాకా వచ్చింది.

పై పేరాలో ఒక్క స్త్రీ పేరూ లేదని పాఠకులు గమనించే ఉంటారు. మనం సభలలో తలచుకునే పేర్లనే నేనూ వరుసగా రాశాను. మన తలపులో ఉన్న వెలితి ఆ వరుసలోనూ కనబడింది. మిల్లులలో నూలు వడికిన చేతులలో స్త్రీల చేతులెన్నో ఉన్నాయి. ఈ రోజు ఎ.కె.డి. ధర్మరాజా మహిళా కళాశాలలోనూ, చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలలోనూ మన ఆడపిల్లలు చదువుతున్నారు. చెన్నై, కోయంబత్తూరు, బెంగుళూరు కంపెనీలలో చేరుతున్నారు. చేరేదాకా మనకు శ్రద్ధ ఉంది. చేరిన తరువాత వారు ఏమవుతున్నారన్నదే నేను ఈ నెల ముందుకు తెస్తున్న ప్రశ్న.

ఆ పట్టణపు తెలుగు కుటుంబాలతో మాట్లాడిన ప్రతిసారీ ఒక సంగతి గమనించాను. అమ్మాయికి ఏ కళాశాలలో సీటు వచ్చింది, ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ కంపెనీ తీసుకుంది, మొదటి జీతమెంత అన్నవి తల్లిదండ్రులు తడుముకోకుండా చెబుతారు. మూడేళ్లయింది కదా, ఇప్పుడు ఏ హోదాలో ఉంది, తరువాతి మెట్టు ఏమిటి అని అడిగితే మాత్రం, “సంబంధాలు చూస్తున్నామండీ” అన్న జవాబు వస్తుంది. హోసూరులోనో, తిరుత్తణిలోనో, బళ్లారిలోనో ఉన్న మన పాఠకులకు రాజపాళయం దూరపు ఊరే. ఆ జవాబు మాత్రం వారికి దూరపుది కాదనుకుంటాను.

ఈ రంగంలో మూడేళ్ల నుంచి అయిదేళ్ల మధ్య కాలం చాలా కీలకమైనది. అంతవరకు ఇచ్చిన పని చేసుకుపోయే అమ్మాయికి నలుగురైదుగురి బృందాన్ని అప్పగించేది అప్పుడే. విదేశీ ఖాతాదారుతో నేరుగా మాట్లాడమనేది, వేరే ఊరికి వెళ్లమనేది, కొత్త సాంకేతిక విద్య నేర్చి పరీక్ష రాయమనేది కూడా అప్పుడే. అమెరికావారికి తెల్లవారే వేళ మనకు రాత్రి భోజనాల వేళ. ఆ గంటలో గది తలుపు వేసుకుని మాట్లాడే కోడలిని ఇల్లు ఎలా చూస్తుందన్న దానిపై ఆమె పదోన్నతి ఆధారపడి ఉంటుంది. సరిగ్గా అదే కాలంలో పెళ్లి, కాన్పు, ఊరు మారడం కలిసి వస్తాయి. దేశంలోని ఐటీ ఉద్యోగులలో స్త్రీలు మూడోవంతుకు పైగా ఉన్నారని ఆ పరిశ్రమల సంఘమైన నాస్‌కామ్ చెబుతోంది. పై అంతస్తులకు పోయే కొద్దీ ఆ వంతు సన్నగిల్లుతుంది. మధ్యలో జారిపోయినవారు తెలివితక్కువవల్ల జారలేదు. పట్టుకునే చేయి లేక జారారు.

పట్టుకునే చేయి ఉంటే ఏమవుతుందో చూపే చరిత్ర మనకు ఉంది. అదీ తమిళనాట ఒక తెలుగింటి చరిత్ర. భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి అయింది. పద్దెనిమిదో ఏట భర్త పోయారు. అప్పటికి ఒడిలో నాలుగు నెలల ఆడబిడ్డ. ఆనాటి ఆచారం ఆమెను ఏ మూల కూర్చోబెట్టేదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. 1794లో సర్వే పాఠశాలగా మొదలైన ఆ కళాశాలలో అంతవరకు ఆడపిల్ల అడుగుపెట్టలేదు. సుబ్బారావు ప్రిన్సిపాలు కె.సి. చాకోను ఒప్పించారు. విద్యాశాఖ సంచాలకులు ఆర్.ఎం. స్టాథం అనుమతి ఇచ్చారు. వందలాది మగపిల్లల మధ్య కూతురు ఒంటరిగా ఉండకూడదని, స్త్రీలకూ ప్రవేశముందని కళాశాల చేత ప్రకటన చేయించారు. అలా పి.కె. త్రేస్య, లీలమ్మ జార్జి సివిల్ ఇంజనీరింగులో చేరారు. 1943లో చదువు ముగిసినప్పుడు పట్టాల మీద ముందే అచ్చువేసి ఉన్న పురుషవాచక సర్వనామాన్ని కొట్టివేసి, స్త్రీవాచకాన్ని చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది.

పట్టాతో కథ ముగియలేదన్నదే మనం నేర్చుకోవలసిన పాఠం. లలిత జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో శిక్షణ పొందారు. సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలలో తోడ్పడ్డారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, విద్యుత్తు సరఫరా మార్గాలకు, సబ్‌స్టేషన్లకు రూపకల్పన చేశారు. భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. కలకత్తాలో తోబుట్టువు కుటుంబం ఉండబట్టి, పసిబిడ్డను చూసుకునే మనుషులు ఉండబట్టి ఆ ఉద్యోగం సాగింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సదస్సులో ఆమె పాల్గొన్నారు. ఆమెకు తోడుగా చదివిన త్రేస్య 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. ఒక తండ్రి తన కూతురికి తోడు కోసం తెరిపించిన తలుపు మరొక రాష్ట్రానికి చీఫ్ ఇంజనీరును ఇచ్చింది.

లలిత ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రతిభ చుట్టూ ఉన్న నాలుగు ఆసరాలను లెక్కపెట్టమంటున్నాను. తలుపు తట్టిన పెద్ద ఒకరు, కూడా నడిచిన తోటివారు, బిడ్డను పంచుకున్న కుటుంబం, ఒక పని కుదరనప్పుడు మరొక పనికి మారనిచ్చిన స్వేచ్ఛ. ఇవన్నీ 1940లలో, ఒక యువ వితంతువుకు సాధ్యమైనప్పుడు, ఇంటింటా ఫోనున్న ఈ కాలంలో మన పిల్లలకు ఎందుకు సాధ్యం కావు? విజయవాడ మారిస్ స్టెల్లా కళాశాలలో చదివిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరి, 2003లో ఆ సంస్థకు ప్రధాన సాంకేతికాధికారి అయ్యారు. మధ్యలో పందొమ్మిదేళ్లు ఉన్నాయి. మనం మొదటి జీతపు మిఠాయి పంచి ఊరుకుంటే ఆ పందొమ్మిదేళ్లు ఎవరు నిలబెడతారు?

వ్యాపార కుటుంబాలలో కొడుకును ఎలా తయారుచేస్తారో రాజపాళయం పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. చదువు కాగానే కుర్రవాడిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టరు. పత్తి కొనుగోలు చూడమంటారు, యంత్రం దగ్గర నిలబెడతారు, లెక్కలు రాయిస్తారు, తప్పు చేస్తే దిద్దుతారు, పదిమంది ముందు మాట్లాడిస్తారు. నాయకత్వం పుట్టుకతో రాదనీ, ఏళ్లపాటు నేర్పితే వస్తుందనీ వారికి తెలుసు. ఆ నేర్పును కూతుళ్లకూ పంచమనడమే నా మనవి.

ఈ మాట కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలకే పరిమితం కాదు. మన సరిహద్దు జిల్లాల సంగతి చూడండి. తడ దగ్గరి శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు తయారవుతున్నాయి. శ్రీపెరుంబుదూరులో, హోసూరు పరిసరాలలో ఎలక్ట్రానిక్సు కర్మాగారాలు వేలాది యువతులను తీసుకున్నాయి. వారిలో తెలుగు పల్లెల పిల్లలు ఉన్నారు. వరుసలో నిలబడి సూక్ష్మమైన భాగాలను బిగించే ఆ పిల్లలు రెండు మూడేళ్లు పనిచేసి, పెళ్లికి కాస్త కూడబెట్టుకుని ఇంటికి తిరిగివస్తారు. వరుసకు పర్యవేక్షకురాలు కావాలంటే డిప్లొమా కావాలి. డిప్లొమా ఉంటే ఇంజనీరింగులో నేరుగా రెండో ఏడాదికి చేరే వీలుంది. ఈ దారి ఉందని ఆ పల్లెలకు చెప్పేవారెవరు? 2024 జూన్‌లో శ్రీపెరుంబుదూరు ప్రాంతపు ఫోన్ల కర్మాగారమొకటి పెళ్లయిన స్త్రీలను పనిలోకి తీసుకోవడం లేదని వార్తలు వచ్చినప్పుడు, కేంద్ర కార్మికశాఖ రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. యజమాని తలుపు దగ్గర అడిగే ప్రశ్ననే మనం ఇంట్లోనూ అడుగుతున్నామా అన్నది మనం ఆలోచించాలి.

తమిళనాడు తెలుగువారంటే రాజులు, నాయుళ్లు, రెడ్లు మాత్రమే అనుకునే అలవాటు కూడా వదలాలి. అరుంధతీయులలో ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. షెడ్యూల్డు కులాల కోటాలో వారికి 3 శాతం ప్రత్యేకిస్తూ 2009లో రాష్ట్రం చట్టం చేసింది. 2024లో సుప్రీంకోర్టు తీర్పు అటువంటి వర్గీకరణ చెల్లుతుందని స్పష్టం చేసింది. ఆ వాటాలో ఇంజనీరింగు సీటు పొందిన అమ్మాయి తన ఇంట్లో తొలి పట్టభద్రురాలు కావచ్చు. మన సంఘాల సన్మానాల జాబితాలో ఆమె పేరు ఉందా? లేకపోతే మనం చెప్పుకునే తెలుగు ఐక్యతకు అర్థమేమిటి?

ఇందులో భాష పాత్ర ఏమిటని కొందరు అడగవచ్చు. పిల్ల పైకి రావాలంటే ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలన్న భ్రమ ఒకటి వ్యాపిస్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కార్యాలయంలో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి ఇరవై ఏళ్లు రాకముందే మూడు రకాల మనుషులతో మెలగడం నేర్చింది. పదిమందిని కలుపుకుని పని చేయించవలసినవారికి అంతకంటే మంచి సాధన లేదు. మరొక సంగతి ఇంకా ముఖ్యమైనది. యంత్రాలు నేడు మన మాటలను విని, చదివి, అనువదిస్తున్నాయి. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో భాషిణి అనే పథకాన్ని ప్రారంభించింది. ఏ భాషకు ముందు చోటివ్వాలి, ఏ ప్రాంతపు పలుకును సేకరించాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న నిర్ణయాలు కంపెనీల పై అంతస్తు గదులలో జరుగుతాయి. రాజపాళయం తెలుగు పలుకు యంత్రానికి అందాలంటే, అటువంటి పలుకు ఒకటుందని తెలిసిన మనిషి ఆ గదిలో కూర్చుని ఉండాలి. అక్కడ మన ఆడపిల్ల ఉంటే ఆమె అమ్మమ్మ మాట కూడా అక్కడ ఉంటుంది.

చట్టాలు కొంత దారి వేశాయి. 2017లో ప్రసూతి సెలవు తొలి రెండు కాన్పులకు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలన్న నియమం అప్పుడే వచ్చింది. 10 మంది ఉన్న ప్రతి కార్యాలయంలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులకు స్త్రీ అధ్యక్షతన కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. వీటిని అడిగి తీసుకోవాలంటే ముందు తెలియాలి. మన ఇళ్లలో వీటి గురించి మాట్లాడేవారు అరుదు.

మన సంఘాలకు, కుటుంబాలకు నా సూచనలు ఇవి. పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ మార్కులు తెచ్చుకున్నవారిని సన్మానించే సభలోనే, పదేళ్లుగా సాంకేతికరంగంలో నిలిచిన మన స్త్రీలను పిలిచి మాట్లాడించండి. ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు చిన్నవారిని అప్పగించండి. నెలకొకసారి ఫోనులో మాట్లాడుకున్నా మేలే, అదీ తెలుగులో మాట్లాడుకుంటే రెండు మేళ్లు. విద్యార్థి వేతనాలను డిగ్రీతో ఆపకుండా, ఉద్యోగంలో ఉండి పై పరీక్షలు రాసేవారికి, కర్మాగారంలో పనిచేస్తూ డిప్లొమా చదివేవారికి కూడా ఇవ్వండి. పెళ్లి మాటలలో నగల తూకంతో పాటు, అమ్మాయికి పదోన్నతి వస్తే ఎవరు ఊరు మారతారు, బిడ్డను ఎవరు చూస్తారు అన్న మాట కూడా పెద్దల ముందే తేల్చుకోండి. అత్తగారూ అమ్మా వంతులు వేసుకుని పట్నంలో మనుమరాలి దగ్గర ఉంటే, తల్లి ఉద్యోగమూ నిలుస్తుంది, బిడ్డ నోట తెలుగూ నిలుస్తుంది.

కూతురి మొదటి జీతం గురించి గర్వంగా చెప్పే తండ్రులను చూసి నేనూ సంతోషిస్తాను. ఇకమీదట ఆ తండ్రులను నేను అడగబోయేది మాత్రం ఆమె చేతికింద ఇప్పుడెంతమంది పనిచేస్తున్నారని. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే తల్లిదండ్రులు మన సరిహద్దు ఊళ్లలో పెరగాలి. వచ్చే వేసవి సెలవుల్లో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మీరే ముందుగా వారిని అడిగి చూడండి.