జైలు పార్కయింది సరే, ఖైదీల సంగతేంటి?

తెలుగులో జైలుకి రెండు ముద్దుపేర్లున్నాయి. ఒకటి అత్తారిల్లు, రెండోది శ్రీకృష్ణ జన్మస్థానం. ఎవరైనా పోలీసులకి దొరికితే ‘అత్తారింటికి వెళ్ళాడు’ అంటాం. పనీపాటా లేకుండా మూడు పూటలా తిండి దొరికే చోటని వెటకారం. ఈ మాట పుట్టించింది మగవాళ్ళేనని నాకు గట్టి అనుమానం. అల్లుడికి అత్తారిల్లు వేరు, కోడలికి అత్తారిల్లు వేరు కదా! రెండో పేరులోనూ కృష్ణుడే కనిపిస్తాడు. ఆ చెరలోనే నెలలు మోసి, కని, తెల్లారేలోగా బిడ్డని వదులుకున్న దేవకి ఊసు ఉండదు.

మా అమ్మ కన్నడంలో ‘సెరెమనె’ అంటుంది. వాళ్ళ ‘సెరె’, మన ‘చెర’ ఒకటే. ‘మనె’ అంటే ఇల్లు. ఆ భాషలోనూ ఈ భాషలోనూ జైలుని ఇల్లు అంటున్నాం గానీ, లోపల ఉన్నవాళ్ళని మాత్రం ఒక ఇంటి మనుషులుగా చూడం. నా గొడవ అదే.

మెజెస్టిక్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, శేషాద్రి రోడ్డు పక్కన ఫ్రీడమ్ పార్కు ఉంది. మనలో చాలామందికి అది ధర్నాల చోటుగానే తెలుసు. నిజానికది బెంగళూరు పాత సెంట్రల్ జైలు. మైసూరు రాజ్యం బ్రిటిష్ కమిషనర్ల చేతిలో ఉన్న 1860ల్లో కట్టారు. స్థలం దాదాపు 21 ఎకరాలు. ఖైదీలని పరప్పన అగ్రహారానికి తరలించాక, 2008 నవంబరులో దీన్ని పార్కుగా తెరిచారు. మధ్యలో కాపలా బురుజు ఇప్పటికీ ఉంది. బండిచక్రం ఆకుల్లా దాని చుట్టూ బారకులు. పైన ఒక్కడు నిలబడితే చాలు, అందరూ కనిపిస్తారు. అతను తన వైపు చూస్తున్నాడో లేదో ఖైదీకి మాత్రం తెలీదు. ఎప్పుడూ చూస్తున్నట్టే అనుకుని బతకాలి. ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ 18వ శతాబ్దం చివర్లో చేసిన ఆలోచన ఇది. హాస్టల్లో ఉండే అమ్మాయిలకి దీన్ని పెద్దగా వివరించక్కర్లేదనుకుంటా.

అసలు మనిషిని ఏళ్ళ తరబడి గదిలో పెట్టడమే శిక్ష అనే పద్ధతి మన దేశంలో అంత పాతదేమీ కాదు. పూర్వం జరిమానాలు, దేశబహిష్కారం, ఒంటి మీద పడే శిక్షలు ఎక్కువ. 1835లో మెకాలే జైళ్ళని పరిశీలించడానికి ఒక కమిటీ ఉండాలన్నాడు. ఆ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీలకి చదువు చెప్పి బాగుచేద్దామన్న ఆలోచన దానికి నచ్చలేదు. విసుగు పుట్టించే కఠినమైన పని చేయించి, జైలంటే భయం పుట్టించాలంది. 1894లో జైళ్ళ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు మన జైళ్ళకి అదే ఆధారం.

మార్పు రాలేదని అనను. 1980లో వేసిన ముల్లా కమిటీ జైలు ఉన్నది మనిషిని బాగుచేసి తిరిగి సమాజంలోకి పంపడానికని చెప్పింది. 1987లో కృష్ణయ్యర్ కమిటీ మహిళా ఖైదీల గురించి ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో పొలం పనులు చేసుకునే ఓపెన్ ఎయిర్ జైలు ఉంది. 2016లో కొత్త నమూనా మాన్యువల్, 2023లో నమూనా చట్టం వచ్చాయి. కాగితం మీద మాటలు మారాయి. కానీ జైళ్ళలో కులం చూసి పనులు పంచే నియమాలు చెల్లవని చెప్పడానికి 2024 అక్టోబరు దాకా సుప్రీంకోర్టు తీర్పు కోసం ఆగాల్సి వచ్చింది. వంట ఒక కులానికి, ఊడ్చే పని ఇంకో కులానికి అని మాన్యువళ్ళలోనే రాసిపెట్టుకున్నారు!

పాత జైలు గురించి చెప్పేటప్పుడు ఎమర్జెన్సీలో అక్కడున్న వాజ్‌పేయి, అద్వానీల పేర్లు తప్పకుండా వస్తాయి. నాకు ఇంకో పేరు ముఖ్యం. స్నేహలతా రెడ్డి. మన డిపార్ట్‌మెంట్‌లో ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పఠాభి పేరు తెలియనివాళ్ళుండరు. ఆయన భార్య అంటే మనకి త్వరగా తెలుస్తుంది గానీ, ఆవిడ ఆయన చాటు మనిషి కాదు. మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకరు. పఠాభి తీసిన కన్నడ సినిమా ‘సంస్కార’లో చంద్రి పాత్ర ఆవిడదే.

బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి 1976 మే 2న ఆవిడని అరెస్టు చేశారు. తర్వాత మీసా కింద ఈ జైల్లోనే ఉంచారు. ఆస్తమా మనిషి. ఒంటరి గది. సరైన వైద్యం లేదు. రాత్రిళ్ళు ఆవిడ కేకలు వినిపించేవని అదే జైల్లో ఉన్న మధు దండవతే తర్వాత రాశారు. అంత బాధలోనూ తోటి ఆడఖైదీలని కొట్టడం మీద, వాళ్ళకి పెట్టే తిండి మీద పోట్లాడింది. డైరీ రాసుకుంది. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. ఐదు రోజులకి చనిపోయింది. ఆ కేసు ఛార్జిషీటులో ఆవిడ పేరే లేదు. అంటే నేరం రుజువు కావడం అటుంచి, నేరం మోపడం కూడా జరగలేదు.

ఇది ఎమర్జెన్సీ నాటి కథ, అయిపోయింది అనుకోవడానికి లేదు. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పు రాలేదు. వంద మంది పట్టే చోట 131 మంది ఉన్నారు. ఆడవాళ్ళు 23,772 మంది. వాళ్ళలో 1,537 మంది దగ్గర 1,764 మంది పిల్లలున్నారు. ఇదీ ఇప్పటి శ్రీకృష్ణ జన్మస్థానం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేరుతో ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆరేళ్ళ లోపు పిల్లలు జైల్లో తల్లి దగ్గర ఉండొచ్చంది. వాళ్ళని ఖైదీల్లా చూడకూడదు, పాలు, మందులు, చదువు అందాలి అంది. ఆరేళ్ళు నిండాక ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుందో ఒక్కసారి ఆలోచించండి.

‘మరి అత్యాచారం చేసినవాణ్ణి కూడా జాలిపడి వదిలేద్దామా?’ అని మీరు అడుగుతారు. మా నాన్నగారూ ఇదే అడిగారు. వదలమని నేననను. శిక్ష తీర్పు తర్వాత మొదలవ్వాలంటున్నాను. విచారణ ఏళ్ళ తరబడి సాగితే నష్టపోయేది నిందితుడొక్కడే కాదు, కోర్టు చుట్టూ తిరిగే బాధితురాలు కూడా. డబ్బున్నవాడు జామీను తెచ్చుకుని బయట తిరుగుతాడు. జామీనుకి మనిషి దొరకని ఇల్లాలు లోపలే ఉండిపోతుంది. భర్త జైల్లో ఉంటే భార్య క్యారేజీ పట్టుకుని వెళ్తుంది. భార్య జైల్లో ఉంటే ఎంతమంది భర్తలు వెళ్తారు?

ఇంకో సంగతి. నగరంలో ధర్నాలన్నీ ఫ్రీడమ్ పార్కులోనే చెయ్యాలని 2021 నాటి పోలీసు ఉత్తర్వు. ప్రశ్నించేవాళ్ళని ఒకప్పుడు ఏ గోడల మధ్య పెట్టారో, ఇప్పుడూ ప్రశ్నించాలంటే అక్కడికే వెళ్ళమంటున్నారు. పార్కు వద్దని కాదు, చెట్లు వచ్చాయి, మంచిదే. కానీ జైలుని ఊరి చివరికి జరిపి, ఖాళీ అయిన చోట ఫొటోలు దిగి, సంస్కరణ అయిపోయిందనుకుంటే ఎలా?

మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈ ఏడు డిపార్ట్‌మెంట్ తరఫున ఫ్రీడమ్ పార్కుకి వెళ్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వేలూరు జైల్లో రాశారని పాఠంలో చదువుకుంటున్నాం. వచ్చే సంచికని ఆడవాళ్ళ జైలు రాతలకి కేటాయిద్దాం, స్నేహలతా రెడ్డితో మొదలుపెట్టి. పరప్పన అగ్రహారంలో ఉన్న ఆడవాళ్ళకి తెలుగు, కన్నడ, తమిళ పుస్తకాలు పోగుచేసి, మేడమ్‌ల ద్వారా అధికారుల అనుమతి అడుగుదాం. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకీ, నిర్బంధంలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్ళు పడాల్సిన గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు తప్ప, బాండు మీద వదలాలని కొత్త చట్టం సెక్షన్ 479 చెబుతోంది. ఈ రెండు విషయాలూ తేలిక తెలుగులో, కన్నడంలో ఒక పేజీ రాయడం రెండు భాషల ఇళ్ళ నుంచి వచ్చిన మనకి ఒక మధ్యాహ్నం పని. దాన్ని లోపలికి పంపాలంటే మళ్ళీ అనుమతి కావాలి, అడుగుదాం.

కింద ఒక తెల్లకాగితం అతికించాను. వచ్చేవాళ్ళు పేర్లు రాయండి. నాతో ఒప్పుకోనివాళ్ళు ఎందుకో రాయండి.

— ద్వితీయ సంవత్సరం బి.ఎ. విద్యార్థిని