నీట్‌గా ఉండటమంటే స్ట్రెయిట్‌గా ఉండటం కాదు

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైందంటే హన్మకొండలో రెండు చోట్ల రద్దీ పెరుగుతుంది. ఒకటి జిరాక్స్ సెంటర్లు, రెండోది కటింగ్ షాపులు. రెజ్యూమె ఫోల్డర్ ఒళ్లో పెట్టుకొని కుర్చీలో కూర్చునే వాళ్లను చాలామందిని చూశా. ఏడేళ్ల కిందట నేనూ అట్లా కూర్చున్నవాణ్నే.

మీది నిటారుగా, చెప్పిన మాట వినే జుట్టయితే ఈ వ్యాసంతో మీకు పెద్దగా పనిలేదు. కానీ మీ పక్క బెంచీలో ఉంగరాల జుట్టు వాళ్లు ఒక్కరైనా ఉంటారు. పేపర్ వాళ్లకివ్వండి.

ఫైనలియర్‌లో మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. ప్యానెల్లో ఉన్న సార్ ఒకాయన నా రెజ్యూమె తెరవకముందే నా తల వైపు చూసి, ‘ఏందయ్యా ఆ నెత్తి, కాకిగూడు లెక్క! ముందు అది సరిచేసుకొని రా’ అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వా. నవ్వకపోతే బాగోదు కదా. ఆ సాయంత్రమే హాస్టల్ పక్కనున్న షాపుకెళ్లి మిషన్ పెట్టించేశా. మూడు రోజుల తర్వాత అసలు ఇంటర్వ్యూ. అద్దంలో కనిపించేవాడు నాకే కొత్త మనిషి. ప్యానెల్ ముందు కూర్చున్నంతసేపూ చెయ్యి తలమీదికే పోయింది. సెలెక్ట్ కాలేదు. చాలా రోజులు ఆ కటింగ్‌నే తిట్టుకున్నా. నిజానికి ఆ రోజు నన్ను ముంచింది జుట్టు కాదు. లింక్డ్ లిస్టును రివర్స్ చేయమంటే నీళ్లు నమిలా. కానీ తప్పంతా నెత్తి మీదికి నెట్టేస్తే డేటా స్ట్రక్చర్స్ మళ్లీ చదివే పని తప్పుతుంది, అందుకని నెట్టేశా.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, పోయిన నెల మా కాక బిడ్డ ఫోన్ చేసింది. ‘అన్నా, డ్రైవ్ ఉంది. స్మూతెనింగ్ మళ్లా చేయించుకోవాల్నా?’ అని. ఆ ‘మళ్లా’ దగ్గర ఆగిపోయా. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ కోసం ఇంతకుముందే ఒకసారి చేయించుకుందట. బిల్లు నాలుగంకెల్లో. కాక ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బుల్లోంచి, కోచింగ్ ఫీజని చెప్పి తీసుకుందట. ఎనిమిది నెలలకు కుదుళ్ల దగ్గర ఉంగరాలు మళ్లీ లేచాయి, చివర్లు మాత్రం ఎండుగడ్డిలా సాఫీగా వేలాడుతున్నాయి. ఒకే తల మీద రెండు రకాల జుట్టు. దాన్ని దాచడానికి మళ్లీ డబ్బు పోయాలా అన్నది ఆమె ప్రశ్న.

వద్దన్నా. ఎందుకు వద్దన్నానో మీకూ చెప్పాలనిపించింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్లో అప్పుడప్పుడూ కూర్చుంటున్నా. మేం నింపే ఫీడ్‌బ్యాక్ ఫారంలో కోడింగ్, సమస్యను అర్థం చేసుకునే తీరు, కమ్యూనికేషన్.. ఇవే ఉంటాయి. జుట్టుకు కాలమ్ లేదు. అలాగని తల ఎలా ఉన్నా ఫర్వాలేదని అబద్ధం చెప్పను. తొలిచూపు పడుతుంది. కళ్లలో పడుతున్న జుట్టును నిమిషానికోసారి తోసుకుంటుంటే ఎదుటివాళ్ల ధ్యాస చెదురుతుంది, మీదీ చెదురుతుంది. అక్కడ కావాల్సింది శుభ్రంగా, ఒక ఆకారంలో ఉన్న జుట్టు. మన దగ్గర చిక్కెక్కడొచ్చిందంటే, ‘నీట్’ అన్న మాటను ‘స్ట్రెయిట్’ అని అనువదించుకున్నాం. గ్రూమింగ్ క్లాసులో చూపించే స్లైడ్ల మీద ఉంగరాల జుట్టు ఒక్కటైనా ఉందేమో గుర్తుచేసుకోండి.

కత్తెర కంటే ముందు కొంచెం సైన్సు

మనం బీటెక్ వాళ్లం కాబట్టి ఇది సులువుగానే ఎక్కుతుంది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. అది మొలిచే కుదురు వంపు తిరిగి ఉంటే వెంట్రుక మెలి తిరుగుతుంది. లోపల గట్టిగా పట్టి ఉంచేవి డైసల్ఫైడ్ బంధాలు. వీటితోపాటు బలహీనమైన హైడ్రోజన్ బంధాలూ ఉంటాయి. నీళ్లు తగిలితే ఈ రెండో రకం విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. అందుకే తలస్నానం చేయగానే సాగి పొడుగ్గా కనిపించే జుట్టు, ఆరేసరికి స్ప్రింగులా పైకి లేస్తుంది.

ఇది అర్థమైతే మన కటింగులు ఎందుకు చెడిపోతున్నాయో కూడా అర్థమవుతుంది. షాపులో కూర్చోగానే అన్న ఏం చేస్తాడు? స్ప్రే బాటిల్‌తో తల తడిపి, దువ్వి, సాగదీసి, సమానంగా కత్తిరిస్తాడు. నిటారు జుట్టుకు అది సరైన పద్ధతే. మనకు మాత్రం కుర్చీలో నాలుగు వేళ్ల పొడవున్నది, ఇంటికెళ్లి ఆరాక రెండు వేళ్లవుతుంది. అదీ ఒకచోట రెండు, ఒకచోట మూడు. ఒకే తలమీద ఉంగరాలన్నీ ఒకేలా తిరగవు కదా.

ఇంత మెలికల వ్యవహారం కాబట్టే 2012లో వచ్చిన ‘బ్రేవ్’ యానిమేషన్ సినిమాలో మెరిడా ఉంగరాల జుట్టు కోసం పిక్సార్ ఇంజినీర్లు కొత్త సిమ్యులేటరే రాసుకోవాల్సి వచ్చింది. పాతదానితో ఆ జుట్టు కదలిక కుదరలేదు. అంతటివాళ్లకే తంటాలు తెచ్చిన జుట్టు, స్ప్రే బాటిల్‌కు లొంగుతుందా?

కాబట్టి మొదటి మాట: పొడిగా ఉన్నప్పుడు కత్తిరించమని అడగండి. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా, దువ్వకుండా, దాని సహజమైన తీరులో వదిలేసి వెళ్లండి. మీ జుట్టు రోజూ ఎట్లుంటదో అన్నకు కనిపించాలి. ‘కొంచెం కొంచెం తియ్యన్నా, సరిపోకపోతే మళ్లా తీద్దాం’ అని ముందే చెప్పండి. రద్దీ లేని రోజు మధ్యాహ్నం వెళ్తే ఓపిగ్గా వింటారు. ఆదివారం పొద్దున వెళ్లి ఇవన్నీ చెబితే ఎవరికైనా విసుగే.

రెండో మాట: పల్చబరిచే కత్తెర, అదే పళ్లున్న కత్తెర. ‘ఒత్తుగా ఉంది తమ్మీ, లైట్ చేస్తా’ అంటూ దాన్ని తీస్తారు. ఆపండి. లోపల కత్తిరించిన పొట్టి వెంట్రుకలు కొన్ని వారాల్లో పైవాటిని తోసుకుంటూ లేస్తాయి. కాకిగూడు తయారయ్యేది అప్పుడే.

అబ్బాయిలకు నా ఓటు ఇలా: పక్కలు, మెడ వెనక మెల్లగా తగ్గించుకుంటూ పొట్టిగా, పైన ఆరాక రెండు, రెండున్నర అంగుళాలు మిగిలేలా. మొహం గుండ్రంగా ఉంటే పైన కాస్త ఎత్తు, పక్కలు తక్కువ. మొహం పొడుగైతే పక్కల్లో కొంచెం వదిలేయాలి, లేదంటే ఇంకా పొడుగ్గా కనిపిస్తారు. పక్కలు పూర్తిగా గీకేసే జీరో ఫేడ్ మీ ఇష్టం, ఇంటర్వ్యూ అయ్యాక చేయించుకోండి.

అమ్మాయిలకు అసలు ఇబ్బంది, అంతా ఒకే పొడవులో కత్తిరించడం. పైన తలకు అతుక్కుని, కింద విసనకర్రలా విచ్చుకుని త్రిభుజం తయారవుతుంది. పొడుగు లేయర్లు అడిగితే బరువు పంచుకుంటుంది. నుదుటి మీద పడే కట్ మాత్రం ఇంటర్వ్యూల ముందు కొత్తగా ప్రయత్నించొద్దు, ముంగురులు ఆరాక ఎక్కడ ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. (సంస్కృతంలో అలకలంటే ముంగురులే. తెలుగులో అలక అంటే ఏంటో మీకు తెలుసు. మా నెత్తికి రెండు అర్థాలూ సరిపోతాయి.) ఫొటో తీసుకెళ్తే మంచిదే. కానీ 2015లో వచ్చిన ‘ప్రేమమ్’లో అనుపమా పరమేశ్వరన్‌ను చూపించి అదే కావాలంటే కుదరదు. మీ జుట్టు మెలిక, ఒత్తు ఎంతుందో దాదాపు అంతే ఉన్న మనిషి ఫొటో కావాలి.

ఇదంతా డ్రైవ్‌కు రెండు మూడు వారాల ముందే చేయించుకోండి. కటింగ్ సర్దుకోవడానికి టైం కావాలి, మీరు దానికి అలవాటు పడటానికి కూడా.

హాస్టల్ బకెట్, బోరు నీళ్లు

యూట్యూబ్‌లో చెప్పే పది రకాల క్రీములు కొనే స్థోమత మనకెక్కడిది? అవసరం కూడా లేదు. ఉంగరాల మీదుగా తలలోని సహజమైన నూనె చివరిదాకా జారదు, కాబట్టి మన జుట్టు తొందరగా పొడిబారుతుంది. రోజూ షాంపూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు. షాంపూ కంటే కండిషనర్ మీద డబ్బు పెట్టండి. కండిషనర్ ఉన్నప్పుడే, తడిలోనే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీసుకోండి. పొడి జుట్టును దువ్వితే ఉంగరాలు విడిపోయి పీచులా లేస్తుంది. టవల్‌తో రుద్దకండి, పాత కాటన్ టీషర్ట్‌తో అద్దండి. బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ రాకుండా ఉంటే అది కాల్షియం, మెగ్నీషియం పుణ్యం. ఆఖరి రెండు మగ్గులైనా ఫిల్టర్ నీళ్లు పోసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

జెల్ కావాలంటే రెండు చెంచాల అవిసె గింజలను గ్లాసు నీళ్లలో మరిగించి, వేడి మీదే వడకట్టండి. చల్లారితే వడకట్టడం మీ వల్ల కాదు, నా అనుభవం. ఫ్రిజ్‌లో కొన్ని రోజులే నిలుస్తుంది. ఇక కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. అంటే నాయనమ్మ చెప్పింది నిజమే. కాకపోతే తలస్నానానికి ముందు రాయాలి, ఇంటర్వ్యూ రోజు పొద్దున కాదు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వాళ్లకు ఒక సంగతి. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెడితే ఉంగరాల అంచులు మాయమై, తల చుట్టూ ఎవరో కత్తిరించినట్టు కనిపిస్తుంది. మనిషిని, గోడను విడదీసే సాఫ్ట్‌వేర్ సన్నటి ఉంగరాల దగ్గర తడబడుతుంది. ఖాళీ గోడ ముందు కూర్చోండి, వెలుగు ఎదురుగా ఉండాలి, బ్యాక్‌గ్రౌండ్ ఆపేయండి. తల మీదుగా వచ్చే పెద్ద హెడ్‌ఫోన్ బదులు చెవిలో పెట్టుకునేది వాడండి.

ఇక స్మూతెనింగ్ సంగతి

రీబాండింగ్, స్మూతెనింగ్‌లలో సాధారణంగా నేను పైన చెప్పిన గట్టి డైసల్ఫైడ్ బంధాలనే రసాయనంతో తెంచి, నిటారుగా మళ్లీ అతికిస్తారు. వెంట్రుక బలం తగ్గుతుంది, కొత్తగా మొలిచేది మాత్రం ఉంగరాలతోనే వస్తుంది. కొన్ని కెరాటిన్ ట్రీట్‌మెంట్లలో వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే రసాయనాలుంటాయి. అది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళల వివరాలు చూశారు. స్ట్రెయిటెనింగ్ రసాయనాలు అసలు వాడనివాళ్లకు 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే ముప్పు 1.64 శాతమైతే, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతంగా అంచనా వేశారు. అదే కారణమని అది తేల్చలేదు, ఒక్కసారి చేయించుకున్నవాళ్లు భయపడక్కర్లేదు. కానీ ప్రతి డ్రైవ్‌కూ ఒకసారి అన్న లెక్క వేసుకునేవాళ్లు మాత్రం ఈ అంకె చూడాలి.

వేరే దేశాల్లో ఈ గొడవ చట్టాల దాకా వెళ్లింది. సహజమైన జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా ‘క్రౌన్ చట్టం’ తెచ్చింది. అక్కడ అది నల్లజాతి వాళ్ల మీద జరిగిన వివక్ష కథ, మన కథతో సమానమని నేననను. మన దగ్గర జరిగేది చిన్న ఎగతాళి. కానీ ఆ ఎగతాళికి భయపడి ఇరవై ఏళ్ల పిల్ల ఇంట్లో అబద్ధం చెప్పి డబ్బు తీసుకుందంటే అది అంత చిన్నదేం కాదు.

ఒక మినహాయింపు చెప్పాలి. పోలీసు, సైన్యం, విమానాల్లో క్యాబిన్ క్రూ లాంటి యూనిఫాం ఉద్యోగాలకు జుట్టు నిబంధనలుంటాయి. అక్కడ వాదించి లాభం లేదు, నోటిఫికేషన్ చదివి దాని ప్రకారం వెళ్లండి. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, కోర్ కంపెనీ కొలువుకు మాత్రం ఆ నిబంధనలను మీ అంతట మీరు తెచ్చి పెట్టుకోకండి.

చెల్లె చివరికి స్మూతెనింగ్ మిగిలిన చివర్లన్నీ కత్తిరించేసింది, భుజాల దాకా వచ్చింది. ఇంటికెళ్తే కాక కాసేపు తేరిపార చూసి, ‘మా అమ్మ లెక్క ఉన్నవ్’ అన్నాడట. కోచింగ్ ఫీజు సంగతి ఇంకా చెప్పలేదు, డ్రైవ్ అయ్యాక చెబుతానంటోంది. డ్రైవ్ వచ్చే గురువారం. రాత్రి ఫోన్ చేస్తే లింక్డ్ లిస్టులు చదువుతున్నా, తర్వాత మాట్లాడతానని పెట్టేసింది.