టెన్నిస్ ఆడేది చేత్తోనా, మనసుతోనా?

2019 వింబుల్డన్ ఫైనల్ గుర్తుందా? అయిదో సెట్, 8-7, 40-15. సర్వీసు ఫెదరర్‌ది. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లూ పోయాయి. మొత్తం పాయింట్లు ఫెదరర్‌కి 218, జొకోవిచ్‌కి 204. అయినా కప్పు జొకోవిచ్‌దే! మూడు టైబ్రేకర్లూ అతనే గెలిచాడు మరి. ఆట ఫెదరర్‌దే మెరుగు, కానీ కీలకమైన పాయింట్ల దగ్గర జొకోవిచ్ మనసు గట్టిదని నా అభిప్రాయం.

నా సంగతే చూడండి. మొన్న ఆదివారం మా కొలీగ్ మీద 5-3 ఆధిక్యంలో ఉండి ఒక డబుల్ ఫాల్ట్ చేశా. దాన్నే తల్చుకుంటూ ఆ గేముతో కలిపి వరసగా నాలుగు గేములు సమర్పించుకున్నా. ఫోర్‌హాండ్‌కి కోచింగ్ తీసుకున్నా గానీ, పోయిన పాయింటుని వదిలెయ్యడం ఏనాడూ ప్రాక్టీసు చెయ్యలేదు.

ప్రొఫెషనల్ మ్యాచుల్లో పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు ఇస్తారు. నేను నేర్చుకోవాల్సిన ఆట అక్కడే ఉందేమో!