ఊరు విడిచినవాడి పేరు



నేను బడిలో పనిచేసిన రోజుల్లో ఉదయం నా మొదటి పని హాజరు పిలవటం. ఒక సంవత్సరం సంక్రాంతి సెలవులు గడిచి బడి తెరిచేసరికి ఆరవ తరగతి కుర్రవాడొకడి ఇంటిపేరు మారిపోయింది. తల్లివైపు బంధువులు, పిల్లలు లేనివారు, వాణ్ణి దత్తత చేసుకున్నారు. నేను హాజరు పట్టీలో పాత ఇంటిపేరు కొట్టివేసి కొత్తది రాశాను. ఆ పేరుతో పిలిస్తే వాడు పలకలేదు. పక్కవాడు మోచేత్తో పొడిచాక లేచి నిలబడి, "మాస్టారూ, నేనిప్పుడు ఏ ఇంటివాణ్ణండీ?" అని అడిగాడు. తరగతి అంతా ఘొల్లుమన్నది. "పట్టీలో ఏది వుంటే అదే. కూర్చో!" అన్నాను నేను. వాడు కూర్చున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పాలి గాని, అడిగినవాణ్ణి కూర్చోబెట్టటం మంచి పంతులు లక్షణం కాదు. ఆ బాకీ ఇన్నేళ్ళుగా నా మీద వుండిపోయింది. ఈ నెల దాన్ని కొంతైనా తీర్చుకుందామని ఒక ఇంటిపేరు కథ చెబుతున్నాను. అది మన దేశపు పేరు కాదు, ఇంగ్లండుది. అంత దూరం ఎందుకంటారా? ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎలా వ్యాపించిందో శాస్త్రజ్ఞులు పరీక్ష చేసి మరీ చూశారు గనక.

మీలో చాలామంది గాంధీగారి మీద తీసిన సినిమా చూసే వుంటారు. 1982లో వచ్చింది. దాన్ని తీసినాయన పేరు రిచర్డ్ అటెన్‌బరో. అడవుల్లోనూ సముద్రాల్లోనూ తిరిగి, జంతువుల బ్రతుకును చిత్రాలుగా చూపించి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న డేవిడ్ అటెన్‌బరో ఆయన తమ్ముడు. ఈ అన్నదమ్ముల మూలంగా ఆ పేరు మనకందరికీ తెలిసింది గాని, నిజానికి ఇంగ్లండులో అది చాలా అరుదైన ఇంటిపేరు. స్మిత్ అనే పేరుగలవారు అక్కడ లక్షల్లో వుంటే, అటెన్‌బరోలు వెతికితేగాని దొరకరు.

ఈ పేరు ఎలా పుట్టింది?

వెయ్యి సంవత్సరాల క్రితం ఇంగ్లండులో సామాన్యులకు ఇంటిపేర్లు లేవు. మనిషికి ఒకటే పేరు. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని జయించి రాజ్యం చేయసాగారు. ఆ తరవాత మొదట ప్రభువులకూ, సుమారు మూడు వందల ఏళ్ళలో తక్కినవారికీ, తండ్రి నుంచి బిడ్డలకు వచ్చే పేర్లు ఏర్పడ్డాయి. ఒక ఊళ్ళో పదిమంది జాన్‌లు వుంటే పన్ను వసూలు చేసే ఉద్యోగి ఎవరు ఎవరో ఎలా గుర్తుపడతాడు? అందుకని ఒకణ్ణి వాడి వృత్తినిబట్టి 'కమ్మరి జాన్' అన్నారు. కమ్మరిని వారి భాషలో స్మిత్ అంటారు. ఇంకొకణ్ణి 'జాన్ కొడుకు' అన్నారు, అదే జాన్సన్. ఒంటి రంగునో జుట్టు రంగునో బట్టి మరొకడు బ్రౌన్ అయినాడు. మరికొందరికి ఊరిపేరే ఇంటిపేరయింది.

అటెన్‌బరో ఈ చివరి రకానిది. ఇంగ్లండు నడిబొడ్డున ట్రెంట్ అనే నది వున్నది. దాని ఒడ్డున నాటింగ్‌హామ్ అనే నగరానికి నైరుతి దిక్కుగా కొద్ది మైళ్ళలో అటెన్‌బరో అనే చిన్న ఊరున్నది. పన్నెండవ శతాబ్దపు పత్రాల్లోనే ఆ ఊరి పేరు కనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో 'బుర్హ్' అంటే కోట. 'అడ్డ' అనో 'ఎడ్డి' అనో పేరుగల ఒక పురాతన మానవుడి కోట గనక ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. (ఆ అడ్డకూ మన దారికి అడ్డకూ ఏమీ చుట్టరికం లేదు, నవ్వకండి!)

ఈ పేరు ఇంకొక దారిన కూడా వచ్చి వుండవచ్చు. ఆ కాలపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'దగ్గర' అని అర్థం. కోట దగ్గర కాపురమున్నవాణ్ణి 'అటెన్ బరో' అని వుండవచ్చు. ఈ 'అటెన్' ఒక తమాషా కూడా చేసింది. 'ఆష్' అనే చెట్టు దగ్గర వుండేవాణ్ణి 'అటెన్ ఆష్' అనేవారు. త్వరగా పలికేసరికి అందులోని 'న' కాస్తా జారి చెట్టుకు అంటుకుని, వాడు 'నాష్' అయినాడు! ఈనాటికీ నాష్ అనే ఇంటిపేరు వున్నది.

ఇక్కడ మీరొక సంగతి ఆలోచించండి. అటెన్‌బరో ఊళ్ళోనే పుట్టి, అక్కడే వుండేవాణ్ణి 'అటెన్‌బరోవాడు' అని ఎవరైనా పిలుస్తారా? పిలవరు. ఊళ్ళో అందరూ అటెన్‌బరోవాళ్ళే గదా! వాడు మూటాముల్లె సర్దుకుని పక్క ఊరు చేరినప్పుడే, "ఎవరయ్యా అతను?" "అటెన్‌బరో నుంచి వచ్చినాడు" అనే మాట పుడుతుంది. అంటే ఊరి పేరు ఊరు విడిచినవాడికే అంటుకుంటుంది. మన తెలుగు ఇంటిపేర్లలోనూ ఇదే వరస చూడవచ్చు. టంగుటూరు, కందుకూరు అనే ఊళ్ళ పేర్లు టంగుటూరి, కందుకూరి అని ఇంటిపేర్లయినాయి గదా! మనం ఆ పేరును ముందు పెట్టుకుంటాం. వారు చివర పెట్టుకుంటారు. అంతే తేడా.

అయితే ఊరు విడిచినవాడు ఎంత దూరం పోతాడు? ఆ రోజుల్లో రైళ్ళు లేవు. నడిచిపోగలిగినంత దూరం పోతాడు. అందుచేత అరుదైన పేర్లు వందల ఏళ్ళపాటు పుట్టినచోటు చుట్టూనే వుండిపోయాయి. 1881లో ఆ దేశంలో జరిగిన జనాభా లెక్కలు చూస్తే, అటెన్‌బరోలు ఎక్కువగా నాటింగ్‌హామ్ జిల్లాలోనూ, దాన్ని ఆనుకుని వున్న డార్బీ జిల్లాలోనూ వున్నారు. అప్పటికే కొందరు వ్యాపారం మీద లండన్ చేరారు. ఆ నగరంలో అటెన్‌బరో అనే పేరు తాకట్టు దుకాణాల మీద కనిపించేది. ఒక ఊరి నుంచి పక్క ఊళ్ళకు, పక్క ఊళ్ళ నుంచి పట్నాలకు, ఇలా పాకింది ఆ పేరు.

మనం చెప్పుకున్న అన్నదమ్ముల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టారు. అది ఎక్కడున్నదనుకున్నారు? ఆ అటెన్‌బరో ఊరికి కొద్ది మైళ్ళ దూరంలోనే! ఆయన తండ్రి రొట్టెలు కాల్చి అమ్ముకునేవాడు. ఫ్రెడరిక్ బాగా చదువుకుని పాత ఇంగ్లీషు భాషలో పండితుడైనారు. ఇంగ్లండు తొలి రాజుల శాసనాలను 1922లో పుస్తకంగా ప్రకటించారు. తన ఇంటిపేరులో దాగివున్న 'బుర్హ్' అనే మాట ఏ భాషదో ఆ భాషకే జీవితమిచ్చారన్నమాట! 1932 నుంచి 1951 వరకూ లెస్టర్ నగరంలోని విశ్వవిద్యాలయ కళాశాలకు ఆయనే అధ్యక్షులు. ఆ కళాశాలే తరవాత, 1957లో, లెస్టర్ విశ్వవిద్యాలయమయింది.

ఇప్పుడు విజ్ఞానశాస్త్రం వంతు.

మన శరీరంలోని జీవకణాల్లో క్రోమోజోములనే సన్నని పోగులుంటాయి. తల్లిదండ్రుల పోలికలు మనకు వచ్చేది వాటి ద్వారానే. వాటిలో 'వై' అనే క్రోమోజోము మగవారికే వుంటుంది. అది తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి మనవడికి దాదాపు మారకుండా వస్తుంది. నోటుపుస్తకం చూసి ఎత్తిరాసేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం తప్పుపోతుంది చూడండి, అలా ఏ కొన్ని తరాలకో దానిలో ఒక చిన్న మార్పు వస్తుంది.

ఇంగ్లండులో ఇంటిపేరూ తండ్రి నుంచే వస్తున్నది. 'వై' క్రోమోజోమూ తండ్రి నుంచే వస్తున్నది. అయితే ఒక ఇంటిపేరుగల మగవారందరికీ ఒకే రకం 'వై' వుంటుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారు టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు. ఎక్కడో తెలుసా? ఫ్రెడరిక్‌గారు పనిచేసిన ఆ లెస్టర్‌లోనే! వారు 40 ఇంటిపేర్లు ఎంచుకుని, 1,600 మందికి పైగా మగవారిని పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు.

స్మిత్‌లలో అటువంటి పోలిక ఏమీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఊరూరా ఒక కమ్మరి వున్నాడు. ఒకరికొకరికి చుట్టరికం లేదు. కాని అటెన్‌బరోలలో 100కి 70 మందికి పైగా ఒకే రకం 'వై'గానీ, దానికి అతి దగ్గరదిగానీ కనిపించింది. అంటే వారిలో ఎక్కువమంది కొన్ని వందల ఏళ్ళ క్రితం బ్రతికిన ఒకే ఒక మనిషి సంతతివారన్నమాట.

ఆ పేరు పెట్టుకున్నవాడు మొదట ఒక్కడేనా? అలా అనుకోనక్కరలేదు. నలుగురైదుగురు ఆ ఊరు విడిచి వుండవచ్చు. ఒకడికి ఆడపిల్లలే పుట్టారనుకోండి, పెళ్ళితో వారి పేర్లు మారిపోయాయి. మరొకడు పెళ్ళే చేసుకోలేదు. ఇంకొకడి కొడుకులు ఏ మహమ్మారిలోనో పోయారు. ఇలా ఒక్కొక్క తీగే ఎండిపోగా, చివరకు ఒక తీగె బాగా అల్లుకున్నది. అరుదైన పేరుకు ఇలా జరగటం తేలిక.

సరే, మరి ఆ పోలిక లేని తక్కిన అటెన్‌బరోల మాటేమిటి? వారు దొంగ అటెన్‌బరోలా?

కానే కాదు! వారి పూర్వులలో కొందరు అదే ఊరినుంచి బయలుదేరిన ఇంకొక మనిషి సంతతి కావచ్చు. కొందరు పెంపుడు బిడ్డలై వుండవచ్చు. ఒకడికి తల్లివైపు పేరు వచ్చి వుండవచ్చు. తండ్రి పోగా మారుతండ్రి పెంచి తన పేరిచ్చి వుండవచ్చు. వందల ఏళ్ళలో ప్రతి వంశంలోనూ ఇటువంటివి జరుగుతూనే వుంటాయి.

ఇంకొక లెక్క చేయండి. మీకు తల్లీ తండ్రీ ఇద్దరు. తాతలూ అమ్మమ్మా నాయనమ్మా కలిసి నలుగురు. వారి తల్లిదండ్రులు ఎనమండుగురు. ఇలా రెట్టిస్తూ పొండి. ఇరవయ్యవ తరానికి లెక్క 10,48,576 అవుతుంది! ఒకే మనిషి ఈ లెక్కలో చాలాసార్లు వస్తాడనుకోండి. అయినా ఎంత పెద్ద సంఖ్యో చూశారా? ఇందులో ఇంటిపేరూ, 'వై' క్రోమోజోమూ చెప్పేది ఒక్క మనిషిని గురించే. తక్కిన 10,48,575 స్థానాల సంగతి అది చెప్పదు. మీ అమ్మమ్మ ఇంటిపేరు కూడా చెప్పదు. ఇక ఇంటిపేరు చూసి గర్వపడటంగానీ, ఒకరిని తక్కువ చేయటంగానీ ఎంత తెలివితక్కువ పనో మీరే చెప్పండి.

చివరగా ఒక సంగతి. 1939లో జర్మనీలో యూదులకు ప్రాణభయం పట్టుకున్నది. బెర్లిన్ నుంచి ఇద్దరు యూదు బాలికలు, అక్కాచెల్లెళ్ళు, ఇంగ్లండు చేరారు. అక్కడినుంచి అమెరికాలోని బంధువుల దగ్గరికి పోవాలి. అంతలో యుద్ధం వచ్చి దారి మూసుకుపోయింది. ఫ్రెడరిక్‌గారూ, ఆయన భార్య మేరీగారూ తమ ముగ్గురు కొడుకులనూ అడిగి, ఆ పిల్లలను తమ ఇంట్లోనే వుంచుకున్నారు. ఏడు సంవత్సరాలు సొంత కూతుళ్ళలాగే పెంచారు. వారి ఇంటిపేరు వేరు, రక్తం వేరు, పుట్టిన దేశం వేరు. అయినా రిచర్డ్‌కూ డేవిడ్‌కూ వారు అక్కచెల్లెళ్ళే అయినారు.

ఆనాడు నా తరగతిలో నిలబడి అడిగిన ఓ అబ్బాయీ! ఇప్పుడు నీకూ జుట్టు నెరిసి వుంటుంది. ఈ పత్రిక నీ మనవల చేతిలో వుంటే, ఇది నీకే. నీవు రెండిళ్ళవాడివి, నాయనా. నీ పాత పేరు నీవు ఎక్కడినుంచి బయలుదేరావో చెబుతుంది. కొత్త పేరు నిన్ను ఎవరు చేరదీశారో చెబుతుంది. రెండూ నిజమే. పట్టీలో ఒక గీత గీసి మొదటిదాన్ని నేను కొట్టివేశాను గాని, ఎవరూ దాన్ని కొట్టివేయలేరు. ఆ రోజే ఈ మాట చెప్పి వుండవలసింది.

ఇక పిల్లలూ, ఈ నెల మీకు పని. ఒక కాగితం తీసుకుని నాలుగు ఇంటిపేర్లు రాయండి: మీది, మీ అమ్మ పుట్టింటిది, అమ్మమ్మ పుట్టింటిది, నాయనమ్మ పుట్టింటిది. వాటిలో ఏవి ఊరి పేర్లో, ఆ ఊళ్ళు పటంలో ఎక్కడున్నాయో పెద్దవాళ్ళను అడిగి గుర్తుపెట్టండి. అమ్మమ్మల ఇంటిపేర్లు ఎవరూ పట్టీలో రాయరు. జ్ఞాపకమున్నవారు పోతే అవీ పోతాయి. కనుక ఆలస్యం చేయకుండా ఈ ఆదివారమే అడగండి.