పిల్లలు పడుకున్నాక సర్దే ఇల్లు

"పిల్లలున్న ఇల్లండీ, ఇంతే మరి!" ఇంటికొచ్చిన చుట్టానికి కుర్చీ మీది బొమ్మలు పక్కకి తోసి చోటిస్తూ ఈ మాట అనని తల్లిదండ్రులు అరుదు. వస్తున్నట్టు ముందే ఫోను చేసిన చుట్టమైతే ఇంకో మాట వినపడుతుంది. "వాడికి ఏదన్నా వీడియో పెట్టి కూర్చోబెట్టు, ఈలోపు గబగబా సర్దేద్దాం." మొదటిది సంజాయిషీ, రెండోది ఉపాయం. రెండింటికీ వేరు ఒక్కటే. ఇల్లు సర్దడం, ముస్తాబు చేయడం పెద్దల పని, పిల్లలు ఆ పనికి అడ్డం అన్న నమ్మకం. అందుకే మన ఇళ్ళలో సర్దుడంతా పిల్లలు పడుకున్నాక, రాత్రి పదింటికి, నడుం పట్టేసినా విసుక్కుంటూ జరుగుతుంది.

ఈ నమ్మకం తప్పు. పైగా ఇల్లు చిందరవందరగా ఉండటానికి పిల్లల కంటే ఎక్కువ కారణం ఇదే.

రాత్రి తల్లి సర్దిన గదిలోకి పొద్దున్నే నాలుగేళ్ళ పిల్ల వస్తుంది. నిన్న మంచం కింద ఆపిన ఎర్ర కారు ఇవాళ ఎక్కడుందో ఆ పిల్లకి తెలీదు. సర్దినప్పుడు తను లేదు కదా. పెద్ద ప్లాస్టిక్ బుట్టలో అడుగున ఎక్కడో ఉండి ఉంటుంది. వెతకడానికి ఆ వయసుకి తెలిసిన పద్ధతి బుట్ట బోర్లించడమే. దానికి మనం అల్లరి అని పేరు పెట్టాం. మన బీరువాని రాత్రికి రాత్రి ఎవరైనా మార్చి సర్దేస్తే మనమూ బట్టలన్నీ మంచం మీద పడేసే వెతుక్కుంటాం. తేడా ఏమిటంటే మనని తిట్టేవాళ్ళు ఉండరు.

పిల్లలకి సర్దడం ఇష్టముండదని ఇంకో మాట. ఇది మనం వాళ్ళకి నేర్పిన అయిష్టం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు పద్దెనిమిది నెలల పిల్లల ముందు చిన్న చిన్న నాటకాలాడారు. బట్టలు ఆరేస్తున్న మనిషి క్లిప్పు కింద పడేసుకుని, అందక చెయ్యి చాస్తాడు. రెండు చేతుల నిండా పుస్తకాలు పట్టుకున్న మనిషి అల్మారా తలుపు తీయలేక తడబడతాడు. సాయం చెయ్యమని ఎవరూ అడగలేదు, మెచ్చుకోలేదు, ఏమీ ఇవ్వలేదు. అయినా చాలామంది పిల్లలు తప్పటడుగులతో వెళ్ళి క్లిప్పు అందించారు, తలుపు తీశారు. 2006లో వెలువడిన ఈ పరిశోధనకి కొనసాగింపుగా 2008లో వాళ్ళే ఇంకొకటి చేశారు. సాయం చేసిన ప్రతిసారీ బహుమతి అందుకున్న పసివాళ్ళు, బహుమతి ఆగాక సాయం తగ్గించేశారు. ఏమీ అందుకోనివాళ్ళు మాత్రం అలాగే చేస్తూ పోయారు. "బొమ్మలు సర్దితే చాక్లెట్ ఇస్తా" అనే ఇళ్ళలో ఇదే జరుగుతుంది. ఒకప్పుడు అడక్కుండా చేసిన పని ఇప్పుడు బేరానికొస్తుంది.

మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో కూలిపనులకి పోయేవాళ్ళ పిల్లల కోసం తన మొదటి బడి తెరిచింది. అక్కడ చూసి నేర్చుకున్న వాటిలో ముఖ్యమైనదొకటి చెప్పింది. పిల్లలకి దేని చోటు దానికి ఉండాలన్న పట్టింపు పెద్దల కంటే ఎక్కువ. అందుకని వాళ్ళ చేతికందే ఎత్తులో అరలు, వాళ్ళే మోసుకోగల కుర్చీలు పెట్టింది. గుడ్డ మడత పెట్టడం, బల్ల కడగడం, తెచ్చిన వస్తువుని తెచ్చిన చోటే పెట్టడం ఆ బడిలో పాఠాలు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి వందలాదిమంది ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళలో ఆవిడ పేరున్న బోర్డులకి కొదవ లేదు. చేతికందే అర ఉన్న ఇల్లు మాత్రం వెతుక్కోవాలి.

నిజానికి రోము దాకా పోనక్కర్లేదు. మన పండగల్లో ఇంటిని ముస్తాబు చేసే పనిలో పిల్లల వాటా ముందే పంచి పెట్టి ఉంది. ధనుర్మాసంలో ఆవుపేడతో గారెల్లా నడుమ చిల్లు పెట్టి పిడకలు చేసేది పిల్లలు, ఎండాక దండ గుచ్చి భోగిమంటలో వేసేదీ పిల్లలే. కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా వేసే అడుగులు చూడండి. పిడికిలిని బియ్యప్పిండి నీళ్ళలో అద్ది పక్కవాటంగా నేలకి ఆనిస్తే పాదం, వేలి కొసతో చుక్కలు పెడితే వేళ్ళు. పసివాడి పిడికిలి అయితే ఇంకా బాగా కుదిరే అలంకారమిది. బతుకమ్మ నాడు గునుగుపూల కొసల్ని రంగునీళ్ళలో ముంచడం తెలంగాణ ఇళ్ళలో పిల్లలు పోట్లాడి మరీ చేసే పని. పెద్ద బతుకమ్మ పక్కన వాళ్ళు పేర్చుకోవడానికి చిన్న బతుకమ్మ కూడా ఉంటుంది. గడపకి పసుపు రాసి ఇచ్చాక వరసగా కుంకుమ బొట్లు పెట్టడానికి అయిదేళ్ళ చెయ్యి చాలు.

వీటన్నిటిలో నాకు గొప్పదనిపించేది బొమ్మల కొలువు. కొందరు సంక్రాంతికి, కొందరు దసరాకి పెడతారు. దాన్ని పూజగా, పేరంటంగా చూస్తాం గానీ, ఇంటి సర్దుడు పిల్లలకి నేర్పడానికి అంతకన్నా పెద్ద పాఠం లేదు. అటక మీది ట్రంకుపెట్టె దించాలి. పాత గుడ్డల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి తుడవాలి. డబ్బాలు, పెట్టెలు, పీటలు పేర్చి, పైన తెల్ల పంచె పరిచి మెట్లు కట్టాలి. దేవుళ్ళు పైమెట్టు మీద, పెళ్ళివారు మధ్యలో, కూరగాయలమ్మి, పోలీసు, రైలుబండి కింద. ఇదంతా వర్గీకరణే. కింద పళ్ళెంలో మట్టిపోసి ఆవాలు చల్లితే నాలుగు రోజుల్లో పొలం లేస్తుంది. పండగయ్యాక మళ్ళీ గుడ్డల్లో చుట్టి, ఏది ఎక్కడ పెట్టామో గుర్తుపెట్టుకుని, పెట్టె మూసేయాలి. తెల్లపొణికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రకి లక్క రంగు పట్టించిన ఏటికొప్పాక బొమ్మ తరాల పాటు నిలిచింది ఈ విప్పడం, చుట్టడంలోని ఒడుపు పిల్లలకి అందడం వల్లే.

ఇప్పుడు అదే కొలువు ముందు పిల్లలకి వినపడే మొదటి మాట "ముట్టుకోకు". భోగి పిడకల దండ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కృష్ణుడి పాదాలు స్టిక్కరుగా వస్తున్నాయి. బడిలో ఇచ్చిన ప్రాజెక్టు కూడా స్టేషనరీ కొట్లో చేసిపెట్టి అమ్ముతున్నారు. పిల్లల చేతిలోంచి పనిని లాగేసి, ఆ ఖాళీ చేతిలో ఫోను పెట్టి, తర్వాత ఫోను వదలడం లేదని డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాం.

దీనికి బజారు చెప్పే మందు ఇంకో కొనుగోలు. గోడ నిండా కార్టూన్లు, కారు ఆకారంలో మంచం, రంగురంగుల డబ్బాల వరస, దీనికంతటికీ కిడ్స్ రూమ్ అని పేరు. ఇంటికి అప్పు చేసి కొన్న ఫ్లాటులో దీనికింకో అప్పు. అంత హంగు పిల్లలకి మేలు చేస్తుందా అంటే, చేస్తుందనడానికి ఆధారం కనపడదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో బడిపిల్లల మీద చేసిన పరిశీలనలో, బొమ్మలతో నింపేసిన గోడల మధ్య కూర్చున్న పిల్లల దృష్టి ఎక్కువ చెదిరింది, వాళ్ళు నేర్చుకున్నదీ తక్కువే. 2018లో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళు అటూఇటూగా ఉన్న పిల్లల ముందు ఒకసారి పదహారు బొమ్మలు, ఇంకోసారి నాలుగే పెట్టారు. నాలుగున్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కాబట్టి పిల్లల గదికి మొదటి అలంకారం సగం బొమ్మలు అటకెక్కించడం. ఏవి ఎక్కించాలో తేల్చేది మాత్రం వాళ్ళే అయ్యుండాలి. వాళ్ళకి తెలీకుండా దాచేస్తే అది సర్దుడు కాదు, దొంగతనం. నెల తర్వాత ఎక్కినవి దించి, ఉన్నవి ఎక్కిస్తే పుట్టినరోజు లేకుండానే కొత్త బొమ్మలొచ్చిన సంబరం.

మిగతా వాటికీ పెద్ద ఖర్చు లేదు. గుమ్మంలో పేరుకునే పార్సిల్ అట్టపెట్టెలే అరలు. ఒక గరిటె మైదాని అయిదారు గరిటెల నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబరిస్తే జిగురు సిద్ధం. చల్లారాక పిల్లలే చేత్తో పూయొచ్చు. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండు చేసేవాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మన ఇంటి జిగురులో వద్దు. పెట్టెలకి పాత క్యాలెండరు కాగితమో, చిరిగిన చీర అంచో అంటించి, ముందు ఒక తెల్ల కాగితం మీద అందులో ఏముండాలో బొమ్మ గీయమనండి. చదవడం రాని పిల్ల తను గీసిన కారు బొమ్మని చదవగలదు. అది కారులా లేకపోయినా ఫరవాలేదు, అది కారని తనకి తెలుసు. కంప్యూటరులో అచ్చేసిన అందమైన లేబుల్ అంటించారా, ఆ పెట్టె మళ్ళీ మీదైపోయింది.

అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వని ఓనరుగారికీ విరుగుడుంది. కిటికీ ఊచల మధ్య తాడు కట్టి పది బట్టల క్లిప్పులు తగిలిస్తే పిల్లల బొమ్మలకి ప్రదర్శనశాల. క్లిప్పులు పదే కాబట్టి పదకొండో బొమ్మ ఎక్కాలంటే ఒకటి దిగాలి. ఏది దిగాలో తేల్చుకోవడానికి పిల్లలు పడే అవస్థ చూస్తే, పనికిరాని సామాను పారేయలేక స్టోర్ రూమ్‌లు నింపుకునే పెద్దలకి సిగ్గేయాలి. పాత పంచె మీద బెండకాయ ముచిక కోసి రంగులో అద్ది ముద్రలేస్తే పూలు. ఆ పంచె అరలకి తెర.

ఇక్కడే మన అసలు అభ్యంతరం బయటపడుతుంది. టైము లేదంటాం, చోటు లేదంటాం. అసలు మాట, అందంగా ఉండదని. పిల్లాడు ముద్రలేసిన తెర వంకరగా ఉంటుంది. అమ్మాయి కలిపిన చుక్కల ముగ్గు ఒక పక్కకి ఒరుగుతుంది. వాళ్ళు లోపలికెళ్ళగానే దాన్ని చెరిపి మళ్ళీ వేసే తల్లులున్నారు. ఫోటో తీసి పెట్టాలి కదా! ఇల్లు ఎవరికోసమన్న ప్రశ్నకి మనం చెప్పుకోని జవాబు అది. చుట్టాల కోసం, ఫోనులో చూసి లైకు కొట్టేవాళ్ళ కోసం. ఇరవై నాలుగ్గంటలూ అందులో ఉండే మూడడుగుల మనిషి అభిరుచికి గోడ మీద జానెడు చోటు లేదు.

టైము సంగతి ఒప్పుకుంటాను. పిల్లలతో కలిసి సర్దితే పావుగంట పని గంట పడుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే ఇంట్లో ఆ గంట రోజూ దొరకదు. రోజూ అక్కర్లేదు కూడా. ఆదివారం ఒక అర, లేదా ఒకే పెట్టె. ఆ గంట తల్లి నెత్తిన మాత్రమే ఎందుకు పడాలన్నది వేరే లెక్క. ముగ్గంటే ఆడపిల్ల, బజారంటే మగపిల్లాడు అని విడదీసిన ఇళ్ళలో నాన్న సోఫాలోంచి లేవకపోవడం వింతేం కాదు. జిగురు కాచడానికీ, తాడు కట్టడానికీ మీసం అడ్డు రాదు.

అపాయం సంగతి కూడా నిజమే. కత్తెర మొనలేనిది కావాలి, బరువైన అరలు గోడకి బిగించి ఉండాలి. పాత కుర్చీకో కిటికీకో ఉన్న పెయింటు గీకే పని పిల్లలకి ఇవ్వకూడదు. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. ఇవి జాగ్రత్తలు. పనికి దూరంగా ఉంచడానికి సాకులుగా వాడుకోవద్దు.

ఇలా సర్దితే మీ పిల్లలకి మార్కులొస్తాయని, మెదడు పదునెక్కుతుందని నేను చెప్పను. ప్రతి ఆటకీ లాభనష్టాల పట్టిక కట్టడం వేరే జబ్బు. పిల్లలు సర్దిన అరలో సామాను వాళ్ళు వెతుక్కోగలరు, తిరిగి పెట్టగలరు. ఇంటికి అంతకన్నా కావలసిందేముంది?

వంటింట్లోనో హాల్లోనో ఇవాళే కింది అర ఒకటి ఖాళీ చేసి పిల్లలకి ఇచ్చేయండి. అందులో ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో వాళ్ళకి వదిలేయండి. రాత్రి వాళ్ళు పడుకున్నాక దాని జోలికి వెళ్ళకండి.